మాంగ్రోవ్ స్కూల్లో సీట్లు లేవు

ఆ సోమవారానికి శామ్యూల్ రాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా ఇల్లు వదలాలి. ఎనిమిదింటికి హైస్కూలు గేటు దగ్గర బడిబాట ఊరేగింపులో కలవాలి. "బడి ఈడు పిల్లలంతా బడిలోనే" అని రాసిన బ్యానరుకు ఒక కర్ర పట్టుకుని నడవాలి. ఊరేగింపు తను కాపురముండే సందులోకి తిరిగే ముందు మాత్రం ఎడమ కర్ర ఎవరికైనా అంటగట్టి కుడి కర్రకు మారాలి, ఎందుకంటే ఇల్లు ఎడమవైపు ఉంది. అక్కణ్ణుంచి తలొంచుకుని నూట నలభై అడుగులు వేస్తే సందు అయిపోతుంది. ఆ అడుగులు ఆదివారం చర్చి నుంచి వస్తూ లెక్కపెట్టుకున్నాడు. లెక్కల మాస్టారికి ఆ మాత్రం ముందుచూపు ఉంటుంది.

ఇంతకీ అతను దాచుకోవాల్సిన సంగతేమిటంటే, ఆ ఇంటి పైవాటాలో బడి ఈడు పిల్ల ఒకతె ఉంది. పేరు రెబెకా, వయసు పదేళ్ళు. ఏ బడికీ వెళ్ళదు. ఆ పిల్లకు తండ్రి సాక్షాత్తూ ప్రభుత్వ ఉపాధ్యాయుడైన శామ్యూల్ రాజే.

"పదింటిదాకా బాల్కనీలోకి రావద్దని రెబెకాకి చెప్పారంట?" అంది భార్య షీబా, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"ఎండ మొహాన కొడుతుందని."

"మన బాల్కనీకి ఎండ వచ్చేది మధ్యాహ్నం కదండీ."

అతను చెప్పుల్లో కాళ్ళు దూర్చి మెట్లు దిగేశాడు. జవాబు లేనప్పుడు మెట్లు దిగడం రెండేళ్ళుగా అతనికి బాగా అలవాటైంది.

రెండేళ్ళ క్రితం దాకా వాళ్ళు గుడివాడలో ఉండేవాళ్ళు. షీబా అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, రెబెకా అదే స్కూల్లో మూడో తరగతి. మూడో తరగతి పిల్లలక్కూడా సాయంత్రం ఆరింటిదాకా స్టడీ అవర్లు పెట్టేసరికి రెబెకాకు రోజూ పొద్దున్నే కడుపునొప్పి రావడం మొదలైంది. ఆదివారం మాత్రం వచ్చేది కాదు. డాక్టరు రాసిన మందులన్నీ అయిపోయాక, షీబా ఒకరోజు తన ఉద్యోగానికీ కూతురి చదువుకూ ఒకే కాగితం మీద రాజీనామా రాసిచ్చి ఇంటికొచ్చేసింది. "దీనికి నేనే చెప్తాను. మిగతా సంగతి తర్వాత ఆలోచిద్దాం" అంది. నెల తిరక్కుండా కడుపునొప్పి పోయింది. పిల్ల మళ్ళీ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది, అడిగి అడిగి ప్రాణం తీసింది. అందరికీ బాగానే ఉంది, ఒక్క శామ్యూల్ రాజ్‌కు తప్ప.

అతనికి బయట చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. ప్రభుత్వ టీచర్లు తమ పిల్లల్ని ప్రైవేటు స్కూళ్ళకు పంపడం లోకానికి అలవాటైపోయింది, నవ్వి ఊరుకుంటారు. అసలు ఏ స్కూలుకూ పంపకపోతే ఏమంటారో అతనికి బాగా తెలుసు, ఎందుకంటే అలాంటి తల్లిదండ్రుల్ని ఇంతకాలం అంటూ వచ్చింది తనే. కిందటేడు ఏసుపాదం అనే ఆటో డ్రైవరు, పసిపిల్లాణ్ణి చూసుకోవడానికి కూతుర్ని నాలుగు నెలలు బడి మానిపిస్తే, శామ్యూల్ రాజ్ ఆటోస్టాండులో నలుగురి ముందూ నిలబెట్టి కడిగేశాడు. "ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెట్టావు, నువ్వేం తండ్రివయ్యా" అన్నాడు. ఏసుపాదం మర్నాడే పిల్లను బళ్ళో దింపాడు. స్టాఫ్ రూములో అందరూ శామ్యూల్ రాజ్‌ను మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం అతను ఇంటికొచ్చి సొంత కూతురికి భిన్నాలు చెప్పబోయి రెండుసార్లు తప్పు చేశాడు.

ఇక అబద్ధం పుట్టిన రోజు సంగతి. బందరుకు బదిలీ అయి ఈ పైవాటాలో సామాను దింపుతుంటే ఇంటి ఓనరు పిచ్చేశ్వరరావు గారు వచ్చి నిలబడ్డారు. కాలవల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎదుటివాళ్ళ మేలు కోరే స్వభావం ఆయనది. ఆ మేలు ఏమిటో కనుక్కునే దాకా వదిలే రకం కాదు.

"పాప ఏ స్కూలండీ మాస్టారూ?"

"గుడివాడలోనండీ," అన్నాడు శామ్యూల్ రాజ్. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, మొన్నమొన్నటిదాకా నిజమే.

"గుడివాడలో ఏదండీ?"

అట్టపెట్టెలో పైనే రెబెకా బొమ్మల పుస్తకం ఉంది. మడ అడవుల గురించిన ఇంగ్లీషు పుస్తకం, అట్ట మీద పెద్దక్షరాలతో పేరు. అతని కళ్ళు దానిమీద పడ్డాయి, నోరు జారింది. "లిటిల్ మాంగ్రోవ్ స్కూలండీ."

పుట్టిన అబద్ధానికి రోజూ మేత వెయ్యాల్సొచ్చింది. పాప ఎప్పుడూ ఇంట్లోనే కనిపిస్తోందేమని అడిగితే, వారంలో ఎక్కువ రోజులు ఇంటి దగ్గరే చదివించడం వాళ్ళ పద్ధతి అన్నాడు. యూనిఫాం లేదేమంటే, పిల్లలకు స్వేచ్ఛ ఇస్తారు అన్నాడు. పిచ్చేశ్వరరావు గారి భార్య లక్ష్మీకాంతం గారు తమ మనవరాలు హారికకు కూడా అక్కడే సీటు ఇప్పించమంటే, సీట్లు లేవండీ అన్నాడు. అతను చేసిన పొరపాట్లన్నిటిలోకీ ఇది పెద్దది. ఈ చుట్టుపక్కల సీట్లు దొరికే స్కూలును ఎవరూ పట్టించుకోరు. సీట్లు లేవని తెలిశాక సందు సందంతా మాంగ్రోవ్ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది.

కిందటేడు బడిబాటలో అతను వేరే టీచరును బతిమాలుకుని వీధి మార్పించుకున్నాడు. ఈ ఏడు ఆ పప్పులు ఉడకలేదు. మండల విద్యాశాఖాధికారి అరుణకుమారి గారు, బడికి రాని పిల్లల జాబితా పట్టుకుని, ఎవరు కాపురముండే వీధిలో వాళ్ళే సర్వే చెయ్యాలని ఆర్డరు వేశారు. తెలిసిన మొహమైతే తలుపు తీస్తారని ఆవిడ ఆలోచన.

ఊరేగింపు అనుకున్నట్టే బయల్దేరింది. ముందు మైకు కట్టిన ఆటో, ఆ ఆటో తోలేది ఏసుపాదమే. వెనక నలభైమంది పిల్లలు. మైకులో మాట ఆగినప్పుడల్లా "బడికి వెళ్దాం, బాగా చదువుదాం" అని అరవమని వాళ్ళకు శిక్షణ ఇచ్చింది శామ్యూల్ రాజే. అతని పక్కన హిమబిందు అనే కొత్త టీచరు, ఉద్యోగంలో చేరి వారం కాలేదు. చేతిలో ఫోను, ఫోనులో శాఖవాళ్ళ యాప్. ఆ అమ్మాయికి లోకంలో అన్నిటికన్నా ఆ యాప్ మీద నమ్మకం ఎక్కువ.

సందు మొగలో అతను కుడి కర్రకు మారబోతుండగా హిమబిందు ఆపింది. "సార్, మీ సందులో ఒకటే పేరుందండి. డ్రాప్ బాక్సులో."

ఏ బడి రికార్డులోనూ తేలని పిల్లల పేర్లు వెళ్ళి పడే జాబితాకు శాఖవాళ్ళు పెట్టుకున్న పేరు అది.

"కె. రెబెకా, పదేళ్ళు. తండ్రి పేరు కె. శామ్యూల్ రాజ్." ఆ అమ్మాయి తలెత్తింది. "మీ పేరేనండి సార్."

రెండేళ్ళూ గుడివాడ జాబితాలో నిశ్చింతగా పడున్న పేరు బందరుకు ఎలా వచ్చిందో శామ్యూల్ రాజ్‌కు వెంటనే తెలిసిపోయింది. మార్చిలో ఆధార్‌లో చిరునామా మార్పించింది తనే, అదీ క్యూలో రెండు గంటలు నిలబడి.

"మా వాళ్ళలో ఆ పేరు చాలామందికి ఉంటుందమ్మా."

"ఇంటి నంబరు కూడా ఉందండి. ఎడమవైపు నాలుగో ఇల్లు."

"వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

"ఎక్కడికండి?"

"గుడివాడ."

హిమబిందు శ్రద్ధగా నొక్కింది. "వలస అని పెడితే కొత్త స్కూలు పేరు అడుగుతోందండి. మీకేమైనా తెలుసా సార్?"

తెలియదు అంటే సరిపోయేది. కానీ రెండేళ్ళుగా రోజుకోసారి పలికిన పేరు, అడగ్గానే దానంతటదే వచ్చేసింది. "లిటిల్ మాంగ్రోవ్."

ఆ అమ్మాయి వెతికింది. స్పెల్లింగు మార్చి వెతికింది. "ఆ పేరుతో గుడివాడలో స్కూలే లేదంటోందండి."

"కొత్తదేమో."

"కొత్తదై, ఇందులో లేకపోతే గుర్తింపు లేనట్టే కదండి. ఉండండి, మేడమ్ గారికి ఫోన్ చేస్తాను."

అతను వద్దనేలోపే ఆ అమ్మాయి ఫోను చెవికి ఆనించింది. అరుణకుమారి గారు అటునుంచి గుడివాడ అధికారికి ఫోన్ చేశారు. ఆయన ఉన్నపళాన ఇద్దర్ని బైకు మీద ఊరంతా వెతకమని తోలాడు. అప్పటికి ఎనిమిదిన్నర కూడా కాలేదు.

ఇంతలో గేటు దగ్గర పిచ్చేశ్వరరావు గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన చెవులకు వయసు రాలేదు.

"ఏంటమ్మా, మాంగ్రోవ్ గురించా? దాని సంగతి మా మాస్టార్ని అడగాలి గానీ ఫోన్లెందుకు? వాళ్ళమ్మాయి అందులోనే కదా."

హిమబిందు శామ్యూల్ రాజ్ వైపు చూసింది. శామ్యూల్ రాజ్ బ్యానరు వైపు చూశాడు.

"మీకు తెలుసాండి ఆ స్కూలు?" అంది హిమబిందు.

"తెలియకపోవడమేంటి, వాళ్ళ బందరు బ్రాంచి మా పైవాటాలోనే ఉంటే. ఇవాళే బోర్డు కట్టారు."

"బోర్డా?" అన్నాడు శామ్యూల్ రాజ్. ఆ పొద్దుటి నుంచి అతను నిజాయితీగా మాట్లాడిన మొదటి మాట అదే.

తలెత్తి చూశాడు. బాల్కనీ కమ్మీకి అట్టముక్క ఒకటి పురికొసతో కట్టి ఉంది. తను మెట్లు దిగాక కట్టినట్టుంది. రెబెకా చేతిరాత, అక్షరానికో రంగు. "లిటిల్ మాంగ్రోవ్ స్కూల్, బందరు బ్రాంచి. ప్రిన్సిపాల్: కె. షీబా. లెక్కలు: కె. శామ్యూల్ రాజ్ (సాయంత్రం మాత్రమే). విద్యార్థులు: 1. సీట్లు లేవు."

చదవడం నేర్చిన నలభైమంది పిల్లలు దాన్ని బిగ్గరగా చదివారు. చదువు చెప్పినందుకు శామ్యూల్ రాజ్ జీవితంలో మొదటిసారి పశ్చాత్తాపపడ్డాడు. హిమబిందు మళ్ళీ ఫోన్ తీసింది. "మేడమ్, గుడివాడదే కాదండి, బ్రాంచి కూడా ఉందంట. మన మాథ్స్ సార్ ఇంట్లోనేనండి. సారే లెక్కలు చెప్తారంట," అంది. ఆ గొంతులో దురుద్దేశం ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆ అమ్మాయికి తెలిసిన పద్ధతి.

పది నిమిషాల్లో అరుణకుమారి గారు స్కూటీ మీద వచ్చారు. హెల్మెట్ తీసి బోర్డు పైనుంచి కిందిదాకా చదివి, చివరి మాట రెండోసారి చదివారు. "సీట్లు లేవు," అన్నారు తనలో తను. తర్వాత శామ్యూల్ రాజ్ వైపు తిరిగారు. "గుర్తింపు లేకుండా స్కూలు నడిపితే లక్ష దాకా జరిమానా అని చట్టంలో ఉంది, తెలుసు కదండీ. గవర్నమెంటు టీచరై ఉండి అందులో పాఠాలు చెప్తే ఏమవుతుందో అది వేరే."

"మేడమ్, అది…" అని శామ్యూల్ రాజ్ నీళ్ళు నమిలాడు. పదిహేనేళ్ళ సర్వీసు కళ్ళముందు తిరిగింది. స్కూలు ఉందని ఒప్పుకుంటే ఉద్యోగం పోయేట్టుంది. లేదని చెబితే పరువు పోతుంది. ఆ పరువును కాపాడుకోవడానికే కదా ఇదంతా చేసింది.

"పైకి పదండి," అన్నారు ఆవిడ.

పైన ముందుగదిలో నేలమీద చాప, గోడకు నల్లబల్ల, కిటికీలో పీత గుల్లలు వరసగా. షీబా లేచి నిలబడింది. రెబెకా కూడా నిలబడి, "నమస్తే అండి," అంది.

"కింద బోర్డు ఎవరు రాశారమ్మా?"

"నేనేనండి. ఇవాళ అన్ని స్కూళ్ళూ తెరుస్తారు కదండి, అందుకని."

"మరి ఈ స్కూలు ఎవరిది?"

రెబెకా తండ్రి వైపు ఒకసారి చూసింది. "నిజంగా లేదండి. నాన్న ఉందని అందరికీ చెప్పారు. లేకపోతే అది అబద్ధం అయిపోతుంది కదండి. అందుకని నేనే పెట్టాను."

హిమబిందు ఫోను కిందికి దించింది. శామ్యూల్ రాజ్‌కు తల కొట్టేసినట్టయింది. బాల్కనీలోకి రావద్దని తను ఎందుకన్నాడో పిల్లకు ఎప్పుడో తెలుసు. తెలిసి కోపం తెచ్చుకోలేదు. తండ్రి మాట నిలబెట్టడానికి రంగుపెన్సిళ్ళు తీసుకుని కూర్చుంది. ఆ పదేళ్ళ మొహంలోకి చూడలేక అతను పీత గుల్లల్ని చూస్తూ నిలబడ్డాడు.

"రెండేళ్ళ నుంచి ఇంట్లోనే చదువుతోంది మేడమ్," అంది షీబా. "చట్టం నేను చదివాను. ఆయన్ని కూడా చదవమన్నాను."

"చదివారా?" అన్నారు అరుణకుమారి గారు అతన్ని.

"లేదండి. ఏం రాసి ఉంటుందోనని భయమేసి."

ఆవిడ చాప మీద కూర్చున్నారు. "విద్యాహక్కు చట్టంలో, పిల్లల్ని బళ్ళో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉంది. చేర్చకపోతే వాళ్ళని ఏం చెయ్యాలో అందులో రాయలేదు. ఇంట్లో చదివించుకునేవాళ్ళ మాటైతే అసలు ఎత్తలేదు, చదివించమనీ లేదు, వద్దనీ లేదు. పద్నాలుగేళ్ళు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయించుకోవచ్చు. నేనైతే బడికే పంపమంటాను, అది నా ఉద్యోగం. పంపకపోయినా మీ మీద రాయడానికి నా దగ్గర కాగితం లేదు. లేని స్కూలుకే అన్ని సెక్షన్లూ ఉన్నాయి."

శామ్యూల్ రాజ్ ఆ మాటలు విని లెక్క వేసుకున్నాడు. రెండేళ్ళ క్రితమే నిజం చెప్పి ఉంటే పిచ్చేశ్వరరావు గారు ఒకసారి ముక్కున వేలేసుకుని ఊరుకునేవారు. తప్పు కాని పనిని దాచడానికి తప్పు పని ఒకటి చేసి, దానికి పేరూ ఊరూ బ్రాంచీ కూడా పెట్టుకున్నాడు.

అరుణకుమారి గారు రెబెకా నోటు పుస్తకాలు తిరగేశారు. దివిసీమలో అమ్మమ్మ సువార్తమ్మ గారింటికి వెళ్ళినప్పుడల్లా హంసలదీవి దగ్గర కొలిచిన ఆటుపోట్ల లెక్కలు ఒకదాన్నిండా ఉన్నాయి. ఇంకోదాంట్లో పెడన కలంకారీ అచ్చుల బొమ్మలు, ఒక చీరకు అచ్చు ఎన్నిసార్లు వెయ్యాలో గుణకారాలు.

"ఇవాళ తొమ్మిదింటికి పోటు వస్తే రేపెప్పుడొస్తుందమ్మా?"

"పది కావస్తుండగానండి. రోజూ యాభై నిమిషాలు అటూ ఇటూగా ఆలస్యమవుతుంది. ఎందుకో చెప్పనాండి?"

"వద్దమ్మా, మళ్ళీ వచ్చినప్పుడు చెబుదువుగాని," అన్నారు ఆవిడ కొంచెం తొందరగా. అప్పుడే ఫోన్ మోగింది. విని పెట్టేసి, "గుడివాడ నుంచి. పామర్రు రోడ్డు దాకా వెతికారంట. మాంగ్రోవ్ దొరకలేదు గానీ గుర్తింపు లేనివి వేరే రెండు దొరికాయంట. మీకు థాంక్స్ చెప్పమన్నారు," అన్నారు.

శామ్యూల్ రాజ్ ఆ థాంక్స్ తీసుకునే స్థితిలో లేడు.

"ఇక మీ సంగతి. స్కూలు లేదని నాకు చెబితే చాలదండీ," అన్నారు ఆవిడ. "ఉందని విన్నది కింద ఉన్నవాళ్ళు. రేపొద్దున ఎవరో ఒకరు కంప్లైంటు రాస్తారు, అప్పుడు నేను మెమో ఇవ్వక తప్పదు. లేదని వాళ్ళకే చెప్పండి."

అతను బాల్కనీలోకి వెళ్ళాడు. సందంతా అక్కడే ఉంది. అరుగుల మీద ఆడవాళ్ళు, గేటు దగ్గర పిచ్చేశ్వరరావు గారూ లక్ష్మీకాంతం గారూ, నీడలో నలభైమంది పిల్లలు. గొంతు సవరించుకుని నాలుగు మాటలు గొణిగాడు. ఏసుపాదం చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. విని, ఎంతో మర్యాదగా ఆటోలోంచి మైకు తీసి, తీగ విప్పి పైకి అందించాడు. "మైకులో చెప్పండి సార్, ఎనకాళ్ళకి ఇనపడతాలేదు."

శామ్యూల్ రాజ్ మైకు అందుకున్నాడు.

"లిటిల్ మాంగ్రోవ్ అనే స్కూలు లేదండీ. గుడివాడలో లేదు, ఇక్కడా లేదు. నేను మీ అందరికీ అబద్ధం చెప్పాను." అతని మాట రెండు వీధుల అవతల ఏదో గోడకు తగిలి మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది. "మా అమ్మాయి బడికి వెళ్ళదు."

మాట ఆగింది. శిక్షణ పొందిన పిల్లలు వెంటనే అందుకున్నారు. "బడికి వెళ్దాం, బాగా చదువుదాం."

అతను కళ్ళు మూసుకుని, వాళ్ళది అయ్యేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇంట్లోనే వాళ్ళమ్మ దగ్గర చదువుకుంటోంది. బాగా చదువుతోంది. దానిలో తప్పేం లేదు. చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది. ఆ సిగ్గు తీసుకెళ్ళి నా బిడ్డ మీద పెట్టాను."

"బడికి వెళ్దాం, బాగా చదువుదాం," అన్నారు పిల్లలు.

మైకు తిరిగి ఇవ్వడానికి అతనే కిందికి దిగాడు. మెట్లు దిగడం మొదటిసారి కష్టమైంది. ఏసుపాదం మైకు తీసుకుని తీగ చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"నన్ను స్టాండులో తిట్టిన రోజున కూడా మీ పాప ఇంట్లోనే ఉందా సార్?"

"ఉంది ఏసుపాదం."

ఏసుపాదం తీగ మొత్తం చుట్టాడు. "మీ పాపకి ఇంట్లో సదువు సెప్పేవోళ్ళున్నారు. మాదానికి లేరు. మీరు తిట్టింది మంచికేలెండి," అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "నలుగుర్లో కాకుండా తిట్టుంటే బాగుండేది."

ఇందాక మైకు పట్టుకున్నప్పుడు కూడా శామ్యూల్ రాజ్ అంత సిగ్గుపడలేదు. "తప్పైపోయింది," అన్నాడు. నలుగురూ వింటుండగానే అన్నాడు.

పిచ్చేశ్వరరావు గారు మాత్రం నవ్వుతూ దగ్గరికొచ్చి భుజం తట్టారు. "అర్థమైందండీ మాస్టారూ. సీట్లు లేవన్న మాట ఇంత మర్యాదగా చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు."

"నిజంగానే లేదండీ స్కూలు."

"సరేనండీ, వచ్చే ఏడైనా మా హారిక పేరు గుర్తుంచుకోండి," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఆ వారంలో ఇంకో ముగ్గురు అడిగారు. అధికారులే స్వయంగా వచ్చి చూసి వెళ్ళిన స్కూలని పేరొచ్చింది మరి.

పైన హిమబిందు యాప్‌తో తంటాలు పడుతోంది. "మేడమ్, ఎంట్రీ మూసెయ్యాలంటే నాలుగే ఇస్తోందండి. బడిలో చేరింది, వలస వెళ్ళింది, పెళ్ళయింది, చనిపోయింది. ఏది పెట్టమంటారు?"

"పెళ్ళి వద్దండి," అంది రెబెకా.

అరుణకుమారి గారు ఆలోచించారు. "ఏదీ పెట్టకు. అలాగే డ్రాప్ బాక్సులో ఉండనీ. అలా ఉన్న పిల్లల ఇంటికి ఏటా జూన్‌లో ఒక టీచరు వెళ్ళి, పిల్లని చూసి, తల్లిదండ్రులతో మాట్లాడి సంతకం చెయ్యాలి. ఈ సందు ఎవరిది?"

"మాథ్స్ సార్‌దండి," అంది హిమబిందు.

ఆవిడ హెల్మెట్ పెట్టుకున్నారు. నవ్వారో లేదో కనిపించలేదు.

అందరూ వెళ్ళాక తండ్రీ కూతుళ్ళు కలిసి బోర్డు విప్పారు. పురికొస ముడి గట్టిగా పడింది, చాలాసేపు పట్టింది.

"నాన్నా, నేనంటే నీకు సిగ్గా?"

"కాదమ్మా. నలుగురూ ఏమంటారోనని భయం. నీ విషయంలో నేను పెద్ద తప్పు చేశాను."

రెబెకా బోర్డును తిప్పి చూసుకుంది. "మరి లెక్కలు చెప్తావా? సాయంత్రం మాత్రమే అని రాశాను."

"చెప్తాను," అన్నాడు.

మళ్ళీ జూన్ వచ్చింది. శామ్యూల్ రాజ్ ఈసారి అడుగులు లెక్కపెట్టుకోలేదు. బ్యానరుకు ఎడమ కర్రే పట్టుకుని సందులోకి వచ్చి, దాన్ని గేటుకు ఆనించి, హిమబిందుతో కలిసి మెట్లెక్కాడు. పిచ్చేశ్వరరావు గారు కింద నుంచి అడ్మిషన్ల గురించేనా అని అడిగారు. రూలు ప్రకారం తలుపు తట్టి నిలబడాలి కాబట్టి తన ఇంటి తలుపు తనే తట్టి నిలబడ్డాడు. రెబెకా తలుపు తీసి, అతన్నీ, అతని చేతిలో ఫారాన్నీ చూసింది.

"బడి నుంచి వచ్చామమ్మా. మీ నాన్నగారు ఉన్నారా?" అన్నాడు శామ్యూల్ రాజ్.

"లేరండి," అంది రెబెకా. "బడికి వెళ్ళారు."